దులిపి కుట్టిన గోనె

ఈ రోజు పొద్దున పెన్షన్ పని మీద టాటానగర్ స్టేషనుకి వెళ్ళి, పాత అలవాటుకొద్దీ నేను పనిచేసిన పార్సెల్ షెడ్‌లోకి తొంగిచూశాను. అప్పన్నకి కాఫీ గింజల గోనె దిగింది. బిష్టుపూర్, కద్మా, సాక్చీలలో అతని మూడు కాఫీ హోటళ్ళకూ సరుకు అందులోంచే. గోనె చినిగింది. పక్కనే పురుగుమందు సంచీ చిట్లి, గింజల నిండా తెల్లపొడి.

అప్పన్న ఒకప్పుడు ఈ షెడ్‌లోనే నా కింద గుమాస్తా. నేను పుస్తకం తెరిస్తే వెక్కిరించేవాడు.

"విషంరా, పారబొయ్యి," అన్నాను.

"ఏటి గురూగారూ, దులిపీసి కుట్టీత్తే సరి. ఈ విద్య నేర్పింది మీరే కదేటి?" అన్నాడు.

నిజమే. చినిగిన గోనె కుట్టించి, సరుకు బాగుందని సంతకం తీసుకోవడమే ముప్పై ఏళ్ళు నా ఉద్యోగం. పెన్షన్ కాగితాలు పట్టుకుని వచ్చేశాను.

సాయంత్రం ఇంటికొస్తే మా ఆవిడ గ్లాసు కడుగుతోంది. "అప్పన్న కొత్త పొడి అంపినాడు. నాను తాగీసేను, మీకూ కలపనా?"

ఆస్పత్రికి పదమంటే నవ్వుతోంది. రిక్షా వచ్చేలోగా మన పేట రీడింగ్ రూము బోర్డుకి అంటించమని ఇది రాసిస్తున్నాను. ఇవాళ అప్పన్న హోటళ్ళలో కాఫీ తాగినవాళ్ళు వెంటనే ఆస్పత్రికి రండి. అప్పన్నని తిట్టేముందు నన్ను తిట్టండి, అక్కడే ఉంటాను.