తెర వెనుక నేర్చిన అడుగు

మా వదిన పోయిందన్న కబురు ముందు నాకు రాలేదు, నా కూతురికి వచ్చింది. మానుకోట ఆడపిల్లల హాస్టల్ నుంచి ఎవరో హన్మకొండలో చదువుకుంటున్న దానికి ఫోన్ చేశారట. అది బస్సెక్కి గూడూరు వచ్చి, గడపలోనే నిలబడి, "అమ్మా, అత్తమ్మ పోయింది" అంది. ఆడపడుచును నేనుండగా కబురు దీనికి ముందు రావడమేమిటన్నది నాకు తోచిన మొదటి మాట. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కానీ ఆమె బతికున్నన్నాళ్ళూ నాకు ఆమెను చూస్తే కళ్ళమంట. ఆ సంగతి దాచిపెడితే ఆమె మంచితనం సగమే తెలుస్తుంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న అరవై తొమ్మిదిలో ఆఫీసులు మూతపడి, జనగామలో గుమాస్తాగా ఉన్న మా అన్న లింగాల ఘనపూర్‌లోని మా పుట్టింటికొచ్చాడు. వచ్చాక కామెర్లయ్యాయి. బస్సులు బందు. ఎడ్లబండి మీద జనగామ దవాఖానకు చేర్చేసరికి చెయ్యి దాటిపోయింది. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. వదిన ఏడవలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది. తినమంటే రెండు ముద్దలు తినేది, పడుకోమంటే పడుకునేది. మాట మాత్రం లేదు.

వచ్చినవాళ్ళంతా ఆమెనే పట్టుకుని ఏడ్చేవారు. నాకూ అన్న పోయాడు. నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని జనగామ అంతా తిప్పిన అన్న. అది ఎవరికీ గుర్తులేదు, నన్ను కన్న అవ్వకు కూడా. మా అవ్వ పొద్దస్తమానం కోడలి తల మీద చెయ్యేసి కూర్చునేది. నేను గూడూరు తిరిగి వెళ్ళేరోజు కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది. దుఃఖంలోనూ ఆమెకే పెద్ద వాటానా అని బస్సులో దారిపొడుగునా కుమిలిపోయాను.

కొన్ని నెలలకు నేనూ మా ఆయనా పుట్టింటికి వచ్చినప్పుడు ఊరి బయట టూరింగ్ టాకీసు డేరా వేసి ఉంది. రావలసిన తెలుగు బొమ్మ రాలేదని ఆ సాయంత్రం ఏదో తెల్లవాళ్ళ సినిమా వేశారు. మేం ముందు బెంచీ మీద కూర్చున్నాం. పక్కన ఒకాయన మైకు పట్టుకుని కథ విడమరిచి చెబుతున్నాడు. "సూడుండ్రి, గామె పెనిమిటి సచ్చిపోయిండు. గా ముసలిదొర గామెకు జోడి ఆట నేర్పుతుండు. ఒకటి, రెండు, మూడు!" ఒకరి నడుం మీద ఒకరు చెయ్యేసుకుని తిరుగుతుంటే జనం ఈలలు. మొదట్లో ఆమె తన కాళ్ళకేసే చూసుకుంటూ అడుగులేస్తుంది. ఆఖరికి తలెత్తుతుంది. అంతే కథ. మెట్రిక్ దాకా ఇంగ్లీషు చదివినదాన్ని, నేను పల్లీలు తింటూ ఇదేం సినిమా అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత, పొద్దున్నే పెరట్లోకి వెళ్తే కొట్టం ముందు మా అవ్వా, వదినా. అవ్వ కొంగు బిగించి, దొర లెక్క నిటారుగా నిలబడి, కోడలి వీపు మీద చెయ్యేసింది. రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒకటి, రెండు, మూడు" అంటూ ఇద్దరూ పేడకళ్ళు తప్పించుకుంటూ తిరుగుతున్నారు. వదిన కాళ్ళకేసే చూస్తోంది. అవ్వ నన్నెప్పుడూ అట్లా పట్టుకోలేదు.

"అన్న పోయి ఏడాది గాలే, సినిమాకు పోయిన్రా?" అన్నాను.

"మీరు పోయినంక మేము పోయినం. ముందట కూసుంటే ఊరంత జూస్తరని తెరెన్క కూసున్నం బిడ్డా," అంది అవ్వ. "గాడ కూలికి పోయెటోళ్ళే ఉంటరు. ఎవలడుగుతరు?"

అప్పుడు నాకు కిటుకు దొరికింది. తెర వెనుక నుంచి చూస్తే బొమ్మ తారుమారవుతుంది, కుడి ఎడమవుతుంది. వీళ్ళు ఆ తారుమారు ఆటే నేర్చుకున్నారు. "మీదంత ఉల్టా," అన్నాను, మానేస్తారన్న ఆశతో. "మొగోడు ఎడమకాలు ముందటేస్తడు. నువ్వు కుడికాలు ఏస్తున్నవ్. నేను ముందట కూసోని జూసిన."

అన్ని నెలల తర్వాత వదిన నోరు విప్పింది. "ఏ కాలైతేంది, లేసింది గద."

అని నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి అవ్వ బోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే, "నువ్వూ రా బిడ్డా" అని నాకేసి చెయ్యి చాపింది. బియ్యం చెరిగే పనుందని నేను లోపలికి వెళ్ళిపోయాను. గూడూరు వచ్చాక మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, తలుపేసుకుని నడింట్లో గుంజను పట్టుకుని ఆ ఆట సరైన పద్ధతిలో నేర్చుకున్నాను. ఎడమకాలే ముందు. ఎవరికీ చెప్పలేదు.

వదిన మళ్ళీ తింది, మళ్ళీ మాట్లాడింది. ఆగిన చదువు పూర్తిచేసి, అవ్వ పోయాక మానుకోటలో హాస్టల్ వార్డెన్‌గా చేరింది. నీళ్ళ బిందె ఎత్తినా, ముగ్గేసినా, బస్సెక్కినా పెదవుల్లోనే ఒకటి, రెండు, మూడు అనుకునేది. నా కూతురిని ఆ హాస్టల్‌లోనే వేశాం. మొదటి సెలవులకే అది ఇంటికొచ్చి వాకిట్లో ఆ ఉల్టా ఆట ఆడింది. ఇల్లు గుర్తొచ్చి ఏడ్చే పిల్లలను అత్తమ్మ లేపి అడుగేయిస్తుందట. అవ్వను తీసుకుంది చాలక నా బిడ్డను కూడా తీసుకుందనిపించింది. "అది తప్పు" అన్నాను కోపంగా.

"అత్తమ్మ గూడ తప్పనే చెప్పింది," అంది అది. "సక్కటిది మీ అమ్మకొస్తది, అడుగుమన్నది."

ఆ మాట నాకు మింగుడుపడలేదు. అడిగితే నేర్పలేదు కూడా.

మొన్న వానాకాలంలో వదినకు బాగాలేదంటే చూడబోయాను. చిక్కి సగమైంది. చాయ్ తాగాక గోడ పట్టుకుని లేచి నిలబడింది. "అవ్వ పోయినకాంచి నాకు జోడి లేదు," అంది. "పోరగాండ్లకు నేనే మొగోన్నయి నేర్పుతున్న. ఆడబిడ్డ అర్ధమొగుడంటరు గద. గా సగమన్న లేసి నిలవడు."

ఆడపడుచు పెత్తనాన్ని ఎత్తిపొడిచే ఆ సామెతతో ఆమె నన్ను పిలుస్తుందనుకోలేదు. లేచాను. ఎడమకాలు ముందుకేశాను. ఆమె తన ఎడమకాలు వెనక్కి తీసింది. కదలకుండా ఉన్న కుడికాలి మీద నా బరువంతా పడింది.

"అమ్మో!" అని, నొప్పితోనే నవ్వింది. "గింత బిర్రుగ వట్టుకున్నవేంది? గుంజతోని నేర్సినవా?"

ఇక దాచలేకపోయాను. గుంజ సంగతి, అవ్వ చెయ్యి సంగతి, ఇన్నేళ్ళ కుళ్ళూ చెప్పేశాను. ఆమె మంచం మీద కూర్చుని కాలి వేళ్ళు రుద్దుకుంటూ విన్నది.

"నాకూ నీ మీద ఉండె గా కుళ్ళు," అంది. "నీకు అవ్వ పుట్టంగనే దొరికింది. నేను మనిషిని పోగొట్టుకున్నంక దొరికింది."

నేను తిరిగి వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి, "మల్లొచ్చేటాల్లకు కుడికాలు నేర్సుకోని రా" అంది. నేర్చుకున్నాను. ఆ గుంజతోనే. ఈలోపే ఆమె వెళ్ళిపోయింది.

పదకొండో రోజు హాస్టల్‌కు వెళ్ళాం. సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు ఎప్పటిలాగే వాకిట్లో జోడీలుగా నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే లెక్క మొదలైంది. నా కూతురు ఒక్కతే ఎడమచెయ్యి గాల్లో చాపి నిలబడి ఉంది. ఇక్కడ చదివిన ఏళ్ళన్నీ దాని జోడీ వదినే. అది ఏడవడం లేదు, కాళ్ళకేసి చూసుకుంటోంది. నేను చెప్పులు విడిచి వాకిట్లోకి దిగాను. ఆ చెయ్యి నా కుడిచేత్తో పట్టుకుని, రెండో చెయ్యి దాని వీపు మీద వేసి, కుడికాలు ముందుకేశాను. నా బిడ్డ ఎడమకాలు వెనక్కి తీసి, తలెత్తింది.