పొట్టేళ్ల మామ చూసొచ్చిన ఆన్‌లైన్ కాలేజీ

ఆ రోజుల్లో నాకు చదువు ఇంటర్ దాకానే ఉండేది గానీ కోపం మాత్రం పీజీ దాటిపోయింది. నాన్నకు నడుము పట్టేసి మంచం దిగలేకపోయిన ఏడాది నేను ఇంటర్ పాసయ్యాను. ఇంట్లో ఎవరికీ నా డిగ్రీ గురించి ఆలోచించే తీరిక లేకపోయింది. జమ్మలమడుగులో ఒక గవర్నమెంటు ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాలుగేళ్ళు రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో పోయి, జనం తెచ్చిన అర్జీలు టైపు కొట్టి, డిగ్రీలున్న పెద్దమనుషులు పంపిన కాగితాల్లో తప్పులు దిద్ది, సాయంత్రానికి మళ్ళీ బస్సెక్కేదాన్ని. అప్పుడొచ్చింది పైనుంచి ఒక కాగితం. ఇక మీదట ఆ కుర్చీలో కూర్చోవాలంటే డిగ్రీ ఉండాలట. ఇప్పుడున్నవాళ్ళకు మూడేళ్ళు గడువట. ఆ కాగితాన్ని టైపు కొట్టింది కూడా నేనే! (నన్ను తీసేస్తామన్న కాగితం నాతోనే కొట్టించిన ఆ ఆఫీసు మీద నాకు ఈ రోజుకీ మంటే.)

మా సూపరింటెండెంటు టీ తాగుతూ, "దానికేముందమ్మా, ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి కట్టేయ్. డిగ్రీ డిగ్రీనే గదా" అన్నాడు. 'ఏదో ఒకటి' అని చెప్పడం ఎంత తేలికో! ఆయన ఇంటికి వంకాయలు కొనేటప్పుడు మాత్రం ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూస్తాడని నాకు బాగా తెలుసు. నా మూడేళ్ళు ఆ వంకాయపాటి చేయవా?

సరే, ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. ఒక్కసారి వెతికితే చాలు, ఎక్కడెక్కడి కాలేజీలన్నీ నన్ను వెంటపడి వెతికాయి. పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఒక ఫోను, బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతుంటే ఒక ఫోను. చివరికి నేను ఒకదాన్ని ఎంచుకున్నాను. ఎట్లా ఎంచుకున్నానో చెప్పమంటే ఇప్పుడు నోరు రావడం లేదు గానీ చెప్తాను. దాని పేజీలో పచ్చగడ్డి మీద ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పకపకా నవ్వుతుండేది. అదీ సంగతి. కోర్సు పేరు 'డేటా సైన్స్ అండ్ బిజినెస్ అనలిటిక్స్'. ఇంటర్‌లో నాది సీఈసీ, లెక్కలకూ నాకూ పదో తరగతిలోనే చెడింది. అయినా ఆ పేరు నా పేరు కింద రాసుకుని చూస్తే ఎంత గొప్పగా ఉందో! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, అప్పటికింకా చేరనైనా చేరలేదు, డిగ్రీ ఫోటోను ఏ గోడకు తగిలించాలో కూడా చూసిపెట్టుకున్నాను.

కౌన్సెలర్ అని ఒకమ్మాయి రోజూ ఫోన్ చేసేది. ఆమె చెప్పిందంతా నాకు వేదం. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం నేను. "సోమవారమే లాస్ట్ డేట్ మేడమ్, మీ ప్రొఫైల్ చాలా బాగుంది మేడమ్" అనేది. నా ప్రొఫైల్ బాగుందని అంతకుముందు ఎవరూ అనలేదు మరి.

ఆ ఆదివారం మా మేనమామ వచ్చాడు. పులివెందుల పక్క పల్లె ఆయనది. గొర్రెలు మేపడం, కొనడం, అమ్మడం, అంతే ఆయనకు తెలిసిన లోకం. ఊళ్ళో అందరికీ ఆయన పొట్టేళ్ల మామ. నాన్నను చూద్దామని వచ్చినవాడు, నేను చేరబోతున్నానని తెలిసి గోడకానుకుని కూర్చున్నాడు.

"యాడుండాది పాపా ఈ కాలేజీ?"

"ఆన్‌లైన్ మామా. ఫోన్లోనే."

"అదే, ఫోన్లో గాకుండా యాడుండాది?"

సరిగ్గా అప్పుడే కౌన్సెలర్ ఫోన్ చేసింది. మామ చెయ్యి చాపాడు. మేనమామ చెయ్యి చాపితే ఇవ్వకుండా ఉండడానికి నాకు ధైర్యం చాల్లేదు. స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"నేను పాప మేనమామను మాట్లాడతాండా. సదివేది ఇంట్లో కూసోని సదువుతాది, సరే. పరీచ్చ యాడ రాయల్ల?"

"అది తర్వాత ఇన్ఫార్మ్ చేస్తాము సర్."

"పాపకు పొద్దున పది నుంచి ఆపీసు. పాఠాలు ఎన్ని గంటలకు సెప్తారు?"

"ఫ్లెక్సిబుల్ టైమింగ్స్ సర్."

"అంటే ఎన్ని గంటలకమ్మా?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామ వదల్లేదు.

"ఈ సదువు సదివితే పాప ఆపీసోళ్ళు ఒప్పుకుంటారా? పోనీ, పోయినేడు మీ తాన సేరినోళ్ళు ఈ పక్క ఎవరన్నా ఉండారా? ఒక్కరి పేరు సెప్పు."

"స్టూడెంట్ డేటా కాన్ఫిడెన్షియల్ సర్. మీకు డౌటుంటే పులివెందులలో మా స్టడీ సెంటర్ ఉంది సర్."

"సెప్పినావు సూడు ఒక మాట. పులివెందులే గదా, పోయి సూస్తా" అని మామ ఫోన్ నాకిచ్చాడు. "సంతలో గొర్రె కొనేటప్పుడు అమ్మేవాన్ని అడగగూడదు పాపా. పోయిన సంతలో వాని తాన కొన్నోన్ని ఎతుక్కోని అడగల్ల. నువ్వు రెండు దినాలు గమ్మునుండు."

రెండు దినాలా! సోమవారమే ఆఖరని ఆమె ఎన్ని సార్లు చెప్పిందో! గడ్డి మీద నవ్వే అమ్మాయి నా చేతుల్లోంచి జారిపోతున్నట్టు అనిపించింది. నాలుగేళ్ళుగా ఆఫీసులో ప్రతి ఒక్కడూ 'ఇంటర్ పాప' అని పిలిచినదంతా కడుపులోంచి పొంగుకొచ్చింది. ఆ 'ఇంటర్ పాప' అన్నవాళ్ళను అనలేక, అన్నీ భరించే మనిషి మీద పడ్డాను. (లోకం తీరే అంత. నాదీ అంతే.)

"యేలిముద్ర ఏసేటోనివి నువ్వు! డిగ్రీ గురించి నీకేం తెలుసు మామా? ఇది గొర్రెల సంత గాదు!"

వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మంచంలోంచి నాన్న నా పేరు గట్టిగా పిలిచాడు. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "బస్సుకు టైమాయె. పోయొస్తాక్కా" అని అమ్మకు చెప్పి వెళ్ళిపోయాడు. నాకు అప్పుడు కూడా నా కోపమే న్యాయంగా కనిపించింది.

మరునాడు పదకొండు గంటలకు ఆఫీసులో ఉన్నాను. మధ్యాహ్నం ఎట్లాగైనా చేరిపోవాలని కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాను కూడా. మామ ఫోన్ చేశాడు. వెనక మోటారు గరగరమంటోంది.

"పాపా, నీ కాలేజీ కాడ ఉండా. కింద బోరు మోటార్లకు వైరు సుట్టే అంగడి. పైన బీగమేసిన రూము. అడ్మిషన్లప్పుడు వచ్చి బోర్డు కడతారంట, అయిపోతానే ఇప్పుకోని పోతారంట. పోయినేడు సేరిన పాపొకటి ఇప్పుడు జిరాక్సు అంగట్లో పన్జేస్తాంది. ఇదో, మాట్లాడు."

ఆ అమ్మాయి పేరు నేనడగలేదు, ఆమె చెప్పలేదు. నెమ్మదిగా మాట్లాడింది. "అక్కా, క్లాసులు పొద్దున పదింటికి పెడతారు. పనికి పోయేటోళ్ళకు కుదరదు. మొదటి పరీచ్చకు బెంగుళూరు రమ్మన్న్యారు, మా ఇంట్లో పంపలేదు. సెంటరుకు పోయి అడుగుదామంటే బీగం. ఆ మెట్ల మీదనే కూసోని ఏడిసి వచ్చినా. తర్వాత తెలిసిందక్కా, గుర్తింపు ఉన్న కోర్సుల లిస్టులో అది లేనేలేదంట. నువ్వు సేరగాకు." ఒక సంవత్సరం పోగొట్టుకున్న మనిషి, ముక్కూ మొహం తెలియని నాకు ఆ మాట చెప్పడానికి పని ఆపుకుని వచ్చింది. ఆ కౌన్సెలర్ మీద, ఆ బీగం మీద, గడ్డి మీది నవ్వు మీద నాకు పుట్టిన కోపానికి ఆ రోజు ఆఫీసు కీబోర్డులో రెండు అక్షరాలు ఊడి చేతికొచ్చాయి.

ఆ వారం నేను మామ అడిగిన ప్రశ్నలనే పట్టుకుని వెతికాను. మా ఆఫీసు ఒప్పుకునే చదువేదో ముందు లిఖితంగా అడిగి తెచ్చుకున్నాను. గుర్తింపు లిస్టు నేనే తెరిచి చూశాను. ఆ లిస్టులో ఉన్న చదువు పూర్తి చేసినవాళ్ళు మైదుకూరులో ఇద్దరుంటే పోయి కలిశాను. నేను అడిగిన తీరుకు వాళ్ళు భయపడ్డారు గానీ చెప్పాల్సింది చెప్పారు. చివరికి చేరింది ఒక మామూలు ఆన్‌లైన్ బీకాం. పేరులో మెరుపు లేదు, పేజీలో గడ్డి లేదు. పాఠాలు ఎప్పుడైనా వినొచ్చు, పరీక్షలు కడపలో. మూడేళ్ళు జమ్మలమడుగు బస్సులో చెవిలో వైరు పెట్టుకుని వాణిజ్యశాస్త్రం విన్నాను. నేను పాటలు వింటున్నాననుకుని కండక్టరు నన్ను చూసి తలాడించేవాడు. పరీక్షలున్నప్పుడల్లా మామే వచ్చి నన్ను కడపకు తీసుకుపోయి, నేను రాసి వచ్చేదాకా గేటు బయట కూర్చునేవాడు. ఆ 'యేలిముద్ర' మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తాలని ప్రతిసారీ అనుకునేదాన్ని, ప్రతిసారీ బస్సు వచ్చేసేది.

గడువుకు రెండు నెలల ముందు పట్టా వచ్చింది. కుర్చీ నాకే మిగిలింది. ఆ ఆదివారం స్వీటు పొట్లం తీసుకుని పులివెందుల బస్సెక్కి మామ ఇంటికి పోయాను. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, మూడేళ్ళు మింగిన మాట ఎట్లాగో బయటపెట్టాను. "మామా, ఆ పొద్దు నిన్ను యేలిముద్ర అంటి. తప్పాయె."

మామ లడ్డు కొరికి ఆలోచించాడు. "ఎప్పుడంటివి? నాకు గ్యాపకం లేదే. ఆ పొద్దు మీయమ్మ కూరలో ఉప్పెక్కువేసింది, అదొకటే గ్యాపకముండాది."

నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. మూడేళ్ళుగా నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఈయనకు ఉప్పు గుర్తుందట! ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే అమ్మ మీద ఎగిరాను, "నువ్వేసిన ఉప్పు తప్ప మీ తమ్మునికి ఏమీ గుర్తులేదంట!" అని. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తలేదు.

"ఉప్పేందే? ఆ పొద్దు మీ మామ అన్నం ముట్టకుండానే పాయె గదా."

ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఇప్పుడు నాకు ఎదురైతే ముందు చెంప మీద ఒకటిస్తాను. తర్వాత, పాపం, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడతాను.