క్లెర్మిజిన్ కాలు, ఈలానీజ్ పొడి

లెయోగాన్ సంతలో అరటికాయలు వేయించి అమ్మే క్లెర్మిజిన్‌ది పదకొండేళ్ల బోదకాలు. ఎవరు తెచ్చిపెట్టారో ఆమెకు తెలుసు. పక్కనే కర్రపెండలం రొట్టెలు కాల్చే ఈలానీజ్! మామిడి నీడలో చోటు కోసం ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు, నెల తిరక్కుండా కాలు వాచింది. గుమ్మం ముందు మంత్రించిన పొడి చల్లి తొక్కించింది, ఇంకేముంది? మా ఊళ్లో బోదకాలంటే అంతే, ఎవరో ఒకరు చల్లాలి.

క్లెర్మిజిన్ ఊరుకునే మనిషా? "దాని చేతి రొట్టె తింటే కాళ్లు ఉబ్బుతాయి" అని సంతంతా చాటింది. ఏడాదిలో ఈలానీజ్ పొయ్యి ఆరిపోయింది. అయినా కసి తీరలేదు. దాని కాలూ వాచాలి, తాను కళ్లారా చూడాలి.

కాళ్ల ఆసుపత్రిలో నర్సు మిస్ రోజ్‌లాంద్ ఆమె పాదం సబ్బుతో కడుగుతూ చెప్పింది: "పిన్నీ, రక్తంలోంచి కాస్త నీరు ఒంట్లోకి ఊరుతూ ఉంటుంది. దాన్ని వెనక్కి చేర్చే సన్నటి గొట్టాలున్నాయి. వాటికి గుండె లేదు. వాటంతటవే కొంచెం పిండుకుంటాయి, నువ్వు నడిస్తే కండలు తోస్తాయి. దోమ కుట్టి పురుగుల్ని వదిలింది. అవి ఆ గొట్టాల్లో కాపురం పెట్టి పాడుచేశాయి, నీరు కిందే నిలిచిపోయింది. రోజూ కడక్కపోతే వేళ్ల సందుల్లో పుండుపడి, జ్వరమొచ్చి ఇంకా వాస్తుంది."

"సరే తల్లీ, ఆ దోమని పంపిందెవరు?"

నర్సు పకపకా నవ్వింది. "నీ పగలు దోమకేం తెలుసు పిన్నీ? అందర్నీ కుడుతుంది."

క్లెర్మిజిన్‌కి ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్ల పగ దోమపాలా!

నర్సు నీళ్లకు వెళ్లగానే గుమ్మంలోకి ఈలానీజ్ వచ్చింది, కుడికాలు ఈడ్చుకుంటూ. మోకాలి దాకా వాపు. క్లెర్మిజిన్ కళ్లు చల్లబడ్డాయి.

"తృప్తేనా వదినా?" అంది ఈలానీజ్. "నేను నీకే పొడీ చల్లలేదు, నా పిల్లల మీద ఒట్టు. నిజం చెప్పు, ఇది నువ్వు పెట్టించిన మందేనా? కాదంటే ఇక్కడే కూచుని కడిగించుకుంటా."

దోమ అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. ఇన్నేళ్లకు చేతికందిన పగని పట్టుకెళ్లి దోమకిస్తుందా?

"నేనే పెట్టించా. ఏం చేస్తావే?"

"అయితే ఇది సబ్బుకి పోదులే. విరుగుడు కట్టేవాడి దగ్గరికే పోతా." ఈలానీజ్ వెనుదిరిగి ఎండలో పడి నడిచింది.

నర్సు బకెట్‌తో వచ్చింది. "అయ్యో, ఆవిడ వెళ్లిపోతోందేం? పిలువు పిన్నీ! కడక్కపోతే ఆ కాలు కుళ్లిపోతుంది."

ఈసారి క్లెర్మిజిన్‌కి భయమేసింది. పిలవాలనే నోరు తెరిచింది. పదకొండేళ్లుగా తిట్టు లేకుండా ఆ పేరు పలికి ఎరగదు. తిట్టొక్కటే వచ్చింది, పేరు రాలేదు.