ఫ్యూజులో లావు తీగె

ప్రొద్దుటూరులో నేను కరెంటు పని చేసే రోజుల్లో, పార్టీ మారిన ప్రతివాడూ ముందు మిద్దె మీద లైట్లు పెంచేవాడు. చీకట్లో అవతలి వర్గం వచ్చి పడుతుందని భయం. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఏ ఊరి బస్సో పక్కవాణ్ణి అడిగి ఎక్కి, పనికి పోయేవాణ్ణి.

జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఒకాయన అట్లాగే పార్టీ మారాడు. మిద్దెకు నాలుగు మూలలా పెద్ద లైట్లు పెట్టించాడు, అన్నీ ఇంట్లో ఉన్న పాత లైను మీదే. లోడు ఎక్కువై ఫ్యూజు మాటిమాటికీ పోయేది. ఆయన మనుషులు విసుగెత్తి సన్న తీగె పీకేసి, ఇనుప మేకులా లావుగా ఉన్న తీగె బిగించారు. ఇక లైట్లు ఆరలేదు. ఇంకో రెండు లైట్లు పెట్టమని నన్ను పిలిపించారు.

ఆ లైను నడింటి గదిలో, చెక్క పట్టీ లోపల, దూలాల వెంబడి పోయేది. ఆయన భార్య, పిల్లలు, లేవలేని ముసలి తల్లి ఆ గదిలోనే పడుకునేవారు. బాంబుల భయానికి కిటికీని ఇటుకలతో మూసేశారు. ఉన్నది ఒక్కటే తలుపు, దాని పైనే వైరు. పట్టీ మీద చెయ్యి పెడితే పెనంలా కాలింది.

ఫ్యూజు తెగేది ఇల్లు తగలబడకుండా ఉండటానికేనని ఆయనకు చెప్పాను. రెండు మూడు రకాలుగా చెప్పాను.

“లైట్లు ఆరితే నన్ను నరుకుతారప్పా. ఇల్లు కాలేది ఎప్పుడో ఏమో” అన్నాడాయన.

తలుపు దగ్గర నిలబడిన ఆయన భార్య ఊరుకోలేదు. “నిన్ను నరకాలంటే వాళ్లు ఈడికి రావల్ల. మమ్మల్ని కాల్చేదానికి ఎవురూ రావల్సిన పనిల్యా, నీ వైరు సాలు” అంది.

మనుషుల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

లైట్లకు వేరే లైను లాగితేనే కొత్తవి పెడతానని మొండికేశాను. ఆయన గొణుగుతూ ఒప్పుకున్నాడు. లైట్ల వైరును గోడ బయట ఇనుప పైపులో వేసి, దానికో ఫ్యూజు పెట్టాను. గదికి పాత వైరు మార్చి, సన్న తీగెతో వేరే ఫ్యూజు పెట్టాను. ఈ రెండోదాని మీద ఎవరన్నా చెయ్యేస్తే ఆ పూట పొయ్యి వెలిగించనని ఆమె మనుషులందరికీ చెప్పింది. కత్తులకు భయపడనోళ్లు దానికి భయపడ్డారు.

బయటి ఫ్యూజుకు మాత్రం కాపలా లేదు. ఎండాకాలంలో ఒక సాయంత్రం లైట్లన్నీ ఒక్కసారే ఆరాయని కబురొచ్చింది. మరుసటి రోజు పోయి చూస్తే అందులో మళ్లీ లావు తీగె ఉంది. పైపులో వైరు కరిగి ముద్దయింది. గోడ నల్లబడింది. ఇంట్లోకి మాత్రం మంట రాలేదు. గదిలో బల్బు వెలుగుతూనే ఉందంట, ముసలామెకు సంగతే తెలియదంట. చీకట్లో మిద్దె మీద కాపలా కాసినోళ్ల మీదికి ఎవరూ రాలేదు.

“ఈసారి ఇంకా లావుది ఎయ్యప్పా” అన్నాడు ఆయన.

కొత్త వైరు లాగి, ఫ్యూజులో సన్న తీగే పెట్టాను. నేను బస్సెక్కేలోగా దాన్ని మారుస్తారని తెలుసు. చెప్పే ఓపిక నాకు అయిపోయింది. ఇక గోడ బయట ఏం కాల్చుకుంటారో వాళ్లిష్టం.