బండెక్కిన నర్సప్ప

ధారూర్ దగ్గర మా ఊళ్ళో కురుమ నర్సప్పకు కాళ్ళలో ఎంత సత్తువ ఉండేదో నోట్లో అంతకు రెండింతలు ఉండేది. మందలోంచి తప్పిన గొర్రెను గుట్టల దాకా తరిమి పట్టి, భుజాన వేసుకొచ్చేవాడు. అది నిజం. రజాకార్ల రోజుల్లో గుర్రం మీద వచ్చినవాణ్ణి పరుగులో ఓడించి ప్రాణం దక్కించుకున్నానని చెప్పేవాడు. అది అబద్ధం. మా ఊరి మీద పడ్డవాళ్ళకు గుర్రం మాట అటుంచి, కాళ్ళకు చెప్పులు కూడా సరిగా లేవని చూసినవాళ్ళు చెప్పారు. అయినా ఎవరూ కాదనేవారు కాదు. కాదంటే ఆ నోటిని భరించాలి కదా. తనకన్నా నెమ్మదిగా నడిచేవాడు నర్సప్ప దృష్టిలో మనిషే కాడు. "గొర్రె నయం, అదిలిస్తే ఉరుకుతది" అనేవాడు.

యాభై తొమ్మిదిలో, జనవరి జెండా పండుగకు వికారాబాద్ పెద్దమనుషులు పరుగు పందెం పెట్టారు. ధారూర్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టి, అనంతగిరి ఘాటు ఎక్కి, వికారాబాద్ బజారు చేరాలి. పెట్టినవాళ్ళలో ఆ ఘాటు ఒక్కసారైనా నడిచి ఎక్కినవాడు లేడు. కుర్చీలు వేయించడంలో మాత్రం ఆరితేరినవాళ్ళు.

మా ఊరి పటేలు వెంకటయ్యకు ఇది తన మీసానికి సంబంధించిన వ్యవహారంలా తోచింది. జాతర ఎద్దును మేపినట్టు నర్సప్పను మేపాడు. ముందురోజు పొట్టేలు మాంసం, పొద్దున్నే నెయ్యి కారే జొన్నరొట్టెలు, చెంబెడు పాలు. పైగా పట్నం నుంచి తెల్ల కాన్వాసు బూట్లు తెప్పించి, పుట్టి బుద్ధెరిగి బూటు తొడగని ఆ పాదాలను వాటిలోకి దూర్పించాడు.

"ఏమిరా నర్సిగా, మన ఊరి ఇజ్జత్ నీ కాళ్ళల్ల ఉన్నది."

"ఫికర్ వద్దు పటేలా. రెండోటోడు వచ్చేవరకు నేను ఒక నిద్ర తీసి లేస్త."

స్టేషన్ దగ్గర నిలబడ్డవాళ్ళలో తాండూర్ నాపరాళ్ళ గనిలో పనిచేసే జంగప్ప ఉన్నాడు. నలభై దాటిన మనిషి. తల మీది తెలుపు నెరిసిన జుట్టో, రాతి దుమ్మో చెప్పలేం. నర్సప్ప అతణ్ణి పైనుంచి కిందికి చూసి, "తాతా, నువ్వు మెల్లగ నడుసుకుంట రా. వికారాబాద్‌ల నీకొక చాయ్ చెప్పి పెడ్త" అన్నాడు. జంగప్ప అతని బూట్లకేసి ఒకసారి చూసి, ధోవతి ఎగ్గట్టుకున్నాడు.

ఈల ఊదగానే నర్సప్ప కుక్కలు వెంటపడ్డట్టు పరుగెత్తాడు. రోడ్డు పక్కన మా ఊరివాళ్ళు నిలబడ్డ చోట ఇంకా జోరు పెంచి, వెనక్కి తిరిగి చేయి కూడా ఊపాడు. పటేలు మీసం దువ్వుకున్నాడు. ఆ చోటు దాటాక చూసేవాళ్ళు లేరు. లేకపోయేసరికి నొప్పులన్నీ ఒక్కసారే తెలిశాయి. మడమలు ఒరుసుకుపోయి నెత్తురు కారుతోంది. డొక్కలో కత్తి పెట్టి తిప్పినట్టుంది. ఘాటు మొదట్లోనే పటేలు నెయ్యి, పాలు, పొట్టేలు పోయిన దారినే బయటికొచ్చాయి. ఒక్కొక్కరే దాటిపోయారు. జంగప్ప కూడా, తలతిప్పి చూడకుండా, కోమటి కొట్టుకు పోతున్నంత తీరిగ్గా దాటిపోయాడు.

అప్పుడొచ్చింది కందుల బస్తాల బండి. "ఎక్కుతవా?" అన్నాడు బండివాడు. వెనక ఇంకా కుంటుతూ, మూలుగుతూ ఎందరో నడుస్తూనే ఉన్నారు. నర్సప్ప ఎక్కాడు. ఎవరూ కట్టి పడేయలేదు, తనే ఎక్కాడు. ఎక్కినవాడు బజారు రాకముందే దిగిపోతే కొంతలో కొంత బాగుండేది. కానీ బస్తాలకు ఆనుకోగానే నిద్రపట్టింది. బహుమతులు పంచుతుండగా బండి బజారులోకి వచ్చింది. ఎర్ర బనీను, తెల్ల బూట్లు, తెరిచిన నోరు, గురక. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. పక్కాయన ఎవరో "ఈయన మీ ఊరాయననే గద?" అని అడిగితే, పటేలు మొహం తిప్పుకుని, "ఛీ, వీడు మా ఊరోడు కాదు, మర్పల్లి దిక్కోడు" అన్నాడు. ఆ పొద్దున దాకా కొడుకులా మేపినవాడే అన్నాడు.

ఇక మా ఊరి సంగతి చెప్పాలా? కల్లు దుకాణం దాకా నడవడానికి ఆయాసపడేవాళ్ళు కూడా పరుగు గురించి నర్సప్పకు పాఠాలు చెప్పారు. 'బండి నర్సప్ప' అని పేరు పెట్టారు. అతను బూట్లను తిట్టాడు, నెయ్యిని తిట్టాడు, ఎవరి కళ్ళో తగిలాయన్నాడు. తర్వాత బయటికి రావడమే మానేశాడు. మందను భార్య శంకరమ్మ మీద వదిలి, ఇంట్లో గొంగడి కప్పుకుని పడుకున్నాడు. ఎండాకాలం వచ్చినా గొంగడి తీయలేదు.

ఒకనాటి సాయంత్రం శంకరమ్మ జీవాలను తోలుకొచ్చి, కర్ర గోడకు విసిరికొట్టింది.

"బూట్లు మంచియైతే నేను గెలుస్తుంటి" అన్నాడు నర్సప్ప, అడగకుండానే.

"ఇడ్సి పారేస్తే అయిపోవు గద. కాళ్ళకు కుట్టిండ్రా?"

"పటేలు తినవెట్టినదే..."

"తిన్న నోరు నీది గాదా? ఓడినందుకు నాకేం రంది లేదయ్యా. అందరు గెలుస్తరా? ఎడ్లు గుంజుతుంటె పండుకోని పోతివి సూడు, గదీ నా తల తీసింది. ఇంట్ల గూడ గదే పని. నువ్వు పంటవ్, నేను గుంజుతున్న. రేపటి సంది జీవాల ఎంబడి నువ్వే పో."

మర్నాడు పోయాడు. ఊరు కనుమరుగు కాగానే పరుగెత్తబోయాడు, మళ్ళీ అదే కుక్కలు తరిమిన పరుగు. వాగు దాకా కూడా పోలేక కూలబడ్డాడు. ఇన్ని నెలలు పడుకున్న ఒళ్ళు దూది మూటైంది. గొర్రెలు నిలబడి చూశాయి. మా ఊరివాళ్ళకన్నా నయం, నవ్వలేదు.

కొన్నాళ్ళకు పొట్టేళ్ళను అమ్మడానికి తాండూర్ సంతకు పోయినవాడు, అటునుంచి అటే గనికి వెళ్ళాడు. జంగప్ప అతణ్ణి చూడగానే గుర్తుపట్టాడు.

"ఏం తమ్మీ, బండి యాడ కట్టేసినవ్?"

ఇంకెవడైనా ఆ మాట అంటే నర్సప్ప వాడి ఏడు తరాలను తవ్వేవాడు. ఈసారి మింగుకున్నాడు. "అన్నా, నీ కాళ్ళల్ల ఏమున్నది, నా కాళ్ళల్ల ఏం లేదు?"

"నీ కాళ్ళు నావాటికంటె మంచియే. నీకు సూసెటోళ్ళు కావాలె. మంది ఉన్నకాడ ఉరుకుతవ్, లేనికాడ పంటవ్. రేపు పొద్దుగాల నా ఎన్క రా. నన్ను దాటినవంటె మాత్రం గటే ధారూర్ దాక పో, మళ్ళ నాకు మొకం సూపియ్యకు."

తెల్లవారి జంగప్ప వెనక పరుగెత్తుతుంటే నర్సప్పకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంది. అంత నెమ్మది. జంగప్ప ఎదురైనవాళ్ళతో కన్నడంలో యోగక్షేమాలు కూడా మాట్లాడుతున్నాడు. నర్సప్ప పట్టలేకపోయాడు. "గిదొక ఉరుకుడా? మా ముసలి గొర్రె గింతకంటె జోరుగ పోతది!"

"ఆఁ, గట్లనే. తిట్టుకుంట ఉరుకు. తిట్టనీకి దమ్ము సాలకుంటె జోరు ఎక్కువైనట్టు. జర తగ్గియ్యి."

తిడుతూనే పోయాడు. తిరిగి గని దగ్గరికి వచ్చి చూసుకుంటే, పుట్టినప్పటి నుంచీ అంత దూరం ఆగకుండా పరుగెత్తింది లేదు.

నేర్చుకోవడానికి ఏమీ లేదు, చేయడానికి మాత్రం చాలా ఉంది. రోజూ పొద్దున మందను దొడ్డిలోంచి విప్పకముందే, ఒట్టికాళ్ళతో ధారూర్ రోడ్డు పట్టి పోయేవాడు. పటేలుతో మొదలుపెట్టి, కుర్చీల పెద్దమనుషులను, కల్లు దుకాణం పండితులను వరసగా తిట్టుకుంటూ పోయేవాడు. చేలకు పోయే ఆడవాళ్ళు మొదట దయ్యం పట్టిందనుకున్నారు. ఘాటు కిందికి రాగానే మాట తెగేది. తెగితే జోరు తగ్గించాలి. ఒక్కోనాడు పిల్లలు కూడా నడిచి దాటిపోయేంతగా తగ్గించాల్సి వచ్చేది. నర్సప్పలాంటివాడికి అది ముల్లు మింగినట్టే. వానలు పడ్డాయి, జొన్నలు కోతకొచ్చాయి. చలికాలానికి ఘాటు సగం దాకా తిట్లు తెగకుండా పోయాయి.

మరుసటి జనవరిలో మళ్ళీ పందెం. పటేలు ఈసారి తన మేనల్లుడు హనుమంతును దింపాడు. అవే బూట్లు, అదే నెయ్యి. పటేలుకు ఏదైనా నేర్చుకునే అలవాటు ఉంటే కదా. హనుమంతు ఈల ఊదగానే దూసుకుపోయాడు. నర్సప్ప నోట్లోనే ఏదో గొణుగుతూ, ఆఖరు గుంపులో కదిలాడు. మా ఊరివాళ్ళు "బండి వస్తది, ఆగు!" అని అరిచారు. తలతిప్పలేదు.

ఘాటు మలుపులో హనుమంతు డొక్క పట్టుకుని కూర్చుని, వస్తున్న బండికి చేయి ఎత్తుతున్నాడు. నర్సప్ప ఆగాడు. ఆ చేతిని పట్టి కిందికి గుంజాడు.

"బండెక్కకురా. పాక్కుంటనన్న రా గని, బండెక్కకు. ఎక్కితె ఇగ దిగుడుండదు."

హనుమంతు అతని ఒట్టికాళ్ళకేసి చూశాడు. బూట్లు విప్పి పారేశాడు. నర్సప్ప ముందుకు సాగాడు. ఘాటు పైకి చేరేసరికి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. కాళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

బజారులోకి ఐదోవాడిగా వచ్చాడు. జంగప్ప మూడో స్థానంలో వచ్చి, దగ్గుతూ అరుగు మీద కూర్చున్నాడు. ఐదోవాడికి బహుమతి లేదు. పటేలు మాత్రం మేనల్లుడికి తెచ్చిన దండ వృథా పోకుండా పరుగున వచ్చి, "మా ఊరోడు! మా నర్సప్ప!" అని ఎత్తాడు.

"తప్పువడ్డవ్ పటేలా. నాది మర్పల్లి దిక్కు" అని నర్సప్ప నీళ్ళ కుండ దగ్గరికి పోయాడు. చాలాసేపటికి హనుమంతు కుంటుకుంటూ, నడిచే వచ్చాడు. పటేలు చేతిలో దండ అలాగే ఉన్నా అటు చూడలేదు.

ఆ తర్వాతి ఏడు పందెం లేదు. పెద్దమనుషులకు సంగీత కుర్చీల ఆట మీద మనసైంది. నర్సప్ప మాత్రం మానలేదు. సంత రోజుల్లో తాండూర్ పోయి జంగప్పతో కలిసి పరుగెత్తేవాడు. నాలుగేళ్ళకు జంగప్ప ఊపిరి నిండా రాతి దుమ్ము చేరింది. పరుగు నడకైంది, నడక మంచమైంది. దగ్గేవాడు పనికిరాడని గని గుత్తేదారు తీసేశాడు. నర్సప్ప, శంకరమ్మ మేకపాలు పట్టుకుని రైల్లో పోయి చూసి వచ్చేవారు.

అరవై ఐదులో జంగప్ప పోయాడు. మట్టి వేయడానికి గుత్తేదారు కూడా తెల్ల బట్టల్లో వచ్చి, "బహుత్ మంచి మనిషి" అని నిట్టూర్చాడు.

నర్సప్ప చేతిలో పార ఆగింది. "గీ మాట బతికున్నప్పుడు అంటే దవఖాన్ల చేర్పియ్యవలసి వస్తుండె గద సేటూ. గందుకే ఇయ్యాల్టి దాక దాసిపెట్టినవ్."

గుత్తేదారు చుట్టూ చూశాడు. ఎవరూ అతని పక్కన నిలబడలేదు. శంకరమ్మ ముందుకొచ్చి పిడికెడు మట్టి వేసింది. నర్సప్ప పార ఎత్తి, గుంత పూడేదాకా మట్టి తోస్తూనే ఉన్నాడు.