కత్తెరమ్మ ముందు తప్పు చేసి చూస్తుంది

ఆ కుట్టుగదిలో అందరికీ ఆవిడ కత్తెరమ్మే. సొంత పేరొకటి ఉందని ఎక్కడైనా సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడే గుర్తొస్తుంది. ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టేసి, పెళ్ళయ్యాక మామగారి పక్కన నిలబడి గుడ్డ కత్తిరించడం నేర్చుకుంది. భర్తకి సూదంటే పడదు, లారీ తోలతాడు. మామగారు పోయాక గది మరిది చేతికి, కత్తెర వదిన చేతికి వచ్చాయి. ఇరవయ్యేడేళ్ళుగా ఆవిడ సుద్దగీత పడకుండా అక్కడ ఒక్క గుడ్డా తెగలేదు.

గది నిండా ఐదు మిషన్లు, ఇస్త్రీ బల్ల, మధ్యలో తొమ్మిదడుగుల కత్తిరింపు బల్ల. అటు నుంచి ఇటు రావాలంటే ఎంతటివాళ్ళైనా పొట్ట లోపలికి లాక్కోవాల్సిందే.

ఒక సోమవారం ఆ బల్ల మీదకి కంప్యూటర్ వచ్చి కూర్చుంది.

"బేకరీవాళ్ళ కోట్లు వదినా. అరవై రెండు, ఐదు సైజుల్లో," అన్నాడు మరిది. "ఇందులో ఒక సైజు గీస్తే చాలు, మిగతా నాలుగూ అదే గీసుకుంటుందట."

"ఆ ఒక్కటీ ఎవరు గీస్తారు?"

మరిది మెడ గోక్కున్నాడు. "శనివారం బేకరీ ఆయన శాంపిల్ చూడ్డానికి వస్తాడు. నువ్వు ఇందులో గీసిన కోటు ఆయన ఒంటికి కుదిరిందా, కత్తిరింపు నీదే. కుదరలేదా, ఇది తెలిసినవాళ్ళని ఎవర్నో తెచ్చుకోవాలి. అప్పుడు ఈ బల్ల కూడా దేనికి, తీసేద్దాం. నీకేం వదినా, కాజాలమ్మ పక్కన గుండీలు కుట్టుకుంటూ హాయిగా కూర్చోవచ్చు."

కాజాలమ్మంటే గుండీలకి కాజాలు కుట్టే మనిషి. ఆవిడ నోటి ముందు సూది మొండిదే. "రా అక్కా, చోటుంది. ఫ్యాను గాలి మాత్రం ఆశపడకు," అంది.

కత్తెరమ్మ నవ్వింది గానీ, ఆ పూట అన్నం సగమే తిన్నది.

కంప్యూటర్ తెచ్చినాయన మెడలో టై వేలాడుతుంది కాబట్టి ఆయన టై ఆయన అయ్యాడు. గీతలు గీసే సాఫ్ట్‌వేర్లు మూడు ఎక్కించి, పదిహేను రోజులు ఊరికే వాడుకుని నచ్చింది కొనుక్కోమన్నాడు. మొదటిది తెరిస్తే సంగీతం వచ్చింది. ఒక బొమ్మ మనిషి గిర్రున తిరుగుతూ, గీసిన కోటు గీసినట్టే తొడుక్కుని చూపించాడు. మరిది కళ్ళు ఆ బొమ్మకే అతుక్కుపోయాయి.

"ఇదే కొనేద్దాం వదినా."

"ఆగు నాయనా. పిల్ల నచ్చిందని ఇల్లు చూడకుండా సంబంధం ఖాయం చేస్తామా?"

మామగారు ఆవిడకి నేర్పింది ఒకటుంది. కొత్త మిషను వచ్చినా, కొత్త దారం వచ్చినా ముందు తప్పు కుట్టి, విప్పి చూడాలి. కుట్టడం అన్నిటికీ వచ్చు. గుడ్డ చిరగకుండా విప్పనిచ్చేదే మంచిదని ఆయన లెక్క. అందుకే కత్తెరమ్మ కోటు గీయలేదు. చంక దగ్గర కావాలని వంకర గీత గీసి, దాని మీద జేబు పెట్టి, చెయ్యి అతికించి, ఆ తర్వాత వెనక్కి వెళ్ళడం ఎలాగని అడిగింది. టై ఆయన రెండు మీటలు కలిపి నొక్కమన్నాడు. నొక్కితే ఒక్కో పనీ విడిపోయింది, బాగానే ఉంది. ఈసారి వంకర గీతని అలాగే దాచి, మూసి, మళ్ళీ తెరిచి నొక్కింది. బొమ్మ మనిషి తిరుగుతూనే ఉన్నాడు, గీత మాత్రం కదల్లేదు.

"మూసి తెరిచాక పాతవి విప్పడం కుదరదమ్మా," అన్నాడు టై ఆయన.

"అంటే రాత్రి పడుకుని లేచేసరికి నా తప్పు నాకు శాశ్వతమన్నమాట."

"తప్పు చేయకుండా ఉంటే సరి కదమ్మా?"

"నువ్వు కట్టుకున్న టై ఎన్నోసారికి కుదిరింది బాబూ?"

మిషన్లు ఐదూ ఒక్కసారి ఆగి, నవ్వు అయ్యాక మళ్ళీ కదిలాయి.

రెండోదానికి మీటలే మీటలు. చీమల్లాంటి అక్షరాలు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకునేలోపు అడ్డంగా ఒక పెట్టె వచ్చి, ఈ రోజు చిట్కా చదువుతారా అని అడిగేది. వద్దని పంపిస్తే పది నిమిషాలకి మళ్ళీ వచ్చేది, పక్కింటి పిన్నిలా. కొలత సరిచూసుకోడానికని కాగితం మూల అంగుళం గడి ఒకటి అచ్చు వేసింది, దానికి టేపు పెడితే పావంగుళం తక్కువ తేలింది. కత్తెరమ్మ దాన్ని బుధవారమే సాగనంపింది.

మూడోది చూడ్డానికి పాత ఇనప బీరువాలా బూడిదరంగు. సంగీతం లేదు, బొమ్మ లేదు. కానీ నొక్కగానే తెరుచుకుంది. చేసిన ప్రతి పనీ పక్కన వరసగా రాసి పెట్టింది. మొదట మెడ, తర్వాత భుజం, ఆ తర్వాత చంక. మూసి తెరిచినా ఆ వరస చెక్కుచెదరలేదు. మధ్యలోంచి ఒక్కదాన్ని పీకేస్తే, కింద చేసినవి కూలిపోకుండా సర్దుకున్నాయి.

"ఇదీ మనిషి పుట్టుక పుట్టింది," అంది కత్తెరమ్మ.

"బొమ్మయినా లేదు కదా వదినా," అని మరిది మొహం వేలాడేశాడు.

"బొమ్మ కావాలంటే అద్దం ముందు నిలబడి నువ్వే తిరుగు మరిదీ."

శుక్రవారం సాయంత్రానికి నడిమి సైజు గీసేసింది. మౌసు సుద్దపొడితో తెల్లగా అయిపోయింది. మీట నొక్కగానే ఐదు సైజులూ ఉల్లిపొరల్లా ఒకదాని చుట్టూ ఒకటి వచ్చి నిలబడ్డాయి. కాగితాలు అచ్చు తీసి, అతికించి, గుడ్డ కత్తిరించి, శనివారం పొద్దున్నే కోటు కుట్టించింది. బేకరీ ఆయన కొలతలే మరిదివీ. తొడిగి చూశారు.

ఇద్దరు దూరేంత వదులు. పై గుండీ పెట్టబోతే మరిదికి గుడ్లు తేలాయి.

"అక్కా, కింద గోనెసంచీ, పైన ఉరితాడు," అంది కాజాలమ్మ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. గడియారం పదకొండు చూపిస్తోంది. బేకరీ ఆయన వచ్చేది నాలుగింటికి. మరిది కోటు విప్పి, మడతైనా పెట్టకుండా బల్ల చివర పడేశాడు.

కత్తెరమ్మ ఆ కోటు తిరగేసింది. పక్కలు చూసింది, మెడ చూసింది. ఒళ్ళు వదులై మెడ బిగుతైతే రెండు జబ్బులు కావు, ఒకటే. గీసిన గీతకి బయట గుడ్డ ఎక్కువ పడింది. ఒంటికి పడితే వదులవుతుంది, మెడ కన్నానికి పడితే కన్నం పూడుతుంది.

ఇరవయ్యేడేళ్ళ అలవాటు కదా. చెయ్యి దానంతటదే కుట్టు కోసం ప్రతి గీతకీ అర అంగుళం బయటికి జరిపింది. బూడిదరంగుది కూడా బుద్ధిమంతురాలే, అడక్కుండా తన అర అంగుళం తాను వేసింది. ఇంట్లో ఇద్దరు వంట చేసి ఎవరికి వారు ఉప్పు వేసినట్టయింది.

"పాతది పారేసి మళ్ళీ మొదట్నుంచి గీయాలా?" మరిది గడియారం వైపు చూశాడు.

"దేనికీ? విప్పుతా."

కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్కన వరసలో పద్నాలుగోది, అర అంగుళం బయటికి అని ఉంది. దాని కింద జేబులు, చేతులు, కాలరు, ఐదు సైజులు, ఇంకా పాతిక పనులున్నాయి. ఆ పద్నాలుగోదాన్ని ఒక్కదాన్నే పీకేసింది. ఉల్లిపొరలు ఐదూ కలిసి లోపలికి ముడుచుకుని, మెడ ఊపిరి పీల్చుకున్నట్టు తెరుచుకుంది. నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత కత్తెర ఆడింది, మిషన్లు ఉరికాయి. నాలుక లోపల పెట్టుకుని కాజాలు కుట్టడం కాజాలమ్మకి జీవితంలో అదే మొదటిసారి.

నాలుగింటికి బేకరీ ఆయన కోటు తొడుక్కుని, పొయ్యిలోంచి రేకు లాగుతున్నట్టు ముందుకి వంగాడు. పై అరలోది అందుకుంటున్నట్టు చేతులెత్తాడు. పై గుండీ పెట్టుకుని కాసేపు మాట్లాడాడు.

"దీన్ని వేసుకునే వెళ్తానమ్మా, మావాళ్ళు చూస్తారు," అన్నాడు.

ఆయన మెట్లు దిగాక మరిది బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "బొమ్మది కొని ఉంటే ఏమయ్యేవాళ్ళం వదినా," అన్నాడు.

"ఏమవుతాం, నువ్వు గుండీలు కుట్టేవాడివి, నేను పక్కన కూర్చుని నేర్పేదాన్ని."

బూడిదరంగుది కొన్నారు. బల్ల ఎక్కడికీ కదల్లేదు, కంప్యూటరే ఒక చివరకి జరిగింది. పాడైన కోటుని పై గుండీ కోసేసి కాజాలమ్మ చలికాలానికని పట్టుకుపోయింది. నల్లటి తెర అంచు మీద మాత్రం సుద్దతో వంకర అక్షరాలున్నాయి. ఎవరు తుడిచినా మర్నాడు పొద్దున కత్తెరమ్మ మళ్ళీ రాస్తుంది: అర అంగుళం అదే వేస్తుంది, నువ్వు వేయకు.