దమ్ము వచ్చిన లారీ

మా లారీకి మిట్టంటే భయమని ఊళ్లో అందరికీ తెలుసు. శంషాబాద్ దాటాక మేము కంకర ఎత్తే క్రషర్ ఒకటుంది. గుంతలో లోడు చేసుకుని పైన రోడ్డెక్కాలంటే నిట్టనిలువు మట్టిబాట. స్టీరింగ్ నాది. వెనక టైరు పక్కన చెక్కమొద్దు పట్టుకుని నడిచేది మా బాపు. బండి ఆగి వెనక్కి జారబోతే టైరు కింద ఆ చెక్క పడాలి. బతుకంతా లారీ నడిపిన మనిషి, చూపు మసకబారాక స్టీరింగ్ నాకిచ్చాడు గానీ, చెక్క మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

సగం మిట్టలో, తుమ్మచెట్టు దగ్గర, బండి ఆగేది. నల్లటి పొగ. చెక్క. మళ్లీ ఫస్ట్ గేరు. వెనక టిప్పర్ల హారన్లకు నాకు ఒళ్లు మండేది. "దిగి తోయమంటవా అక్కా?" అని ఒకడు ఎకసెక్కంగా అడిగితే, "నోరు మూస్కొని తోయి" అన్నాను.

ఒకరోజు బాపు తేల్చేశాడు.

"దీనికి దమ్ము లేదు బిడ్డా. ఎక్కలేనిదాన్ని ఇంటి ముందల పెట్టుకుని ఏం జేస్తం? ఆదివారం రాజేంద్రనగర్ నుంచి బేరగాడు వస్తడు. ఇచ్చేద్దాం."

ఈ లారీ పోతే ఆడమనిషికి ఇంకెవరు తాళం చేతికిస్తారు? మళ్లీ కొత్తూరు ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగించడమే.

"దమ్ము లేక కాదు బాపూ, దమ్మొచ్చింది దీనికి" అన్నాను. మా వైపు దమ్ము ఉంటే బలం, దమ్ము వస్తే ఆయాసం. మాటకు మాట అన్నానే గానీ, అన్నాక అదే నిజమేమో అనిపించింది. చీర కొంగు బిగించి బండి కింద దూరాను. ఎప్పుడు ఏ రాయికి తగిలిందో, ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు వచ్చే పొగ పైపు సగానికి నొక్కుకుపోయి ఉంది. సైలెన్సర్ డబ్బాను తట్టితే లోపల ఏదో గలగలమంది.

కొత్తూరు మెకానిక్ మొదట ఒప్పుకోలేదు. "ఫిల్టర్ మార్చినం, పంపు చూసినం. పైపుతోని ఏమైతది అక్కా?"

"జర ముక్కు మూస్కొని మిట్టెక్కు. ఏమైతదో తెలుస్తది."

నవ్వి, డబ్బా కోశాడు. లోపలి రేకులు విరిగి అడ్డం పడ్డాయి. వాటి మీద వేలెడు మందాన మసి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇక అతనికీ హుషారొచ్చింది. డబ్బా తీసేసి నేరుగా పైపు వేద్దామన్నాడు, ఇంకా మంచిగా గుంజుతుందట.

"వద్దన్నా. ఊరంతా లేస్తది, ఫైన్ పడ్తది. డబ్బ ఉండాలె, పొగ పోవాలె."

పాత పైపు కన్నా లావుది, గట్టి మూల లేకుండా మెల్లగా వంపు తిరిగేది వేశాడు. పెద్ద లారీ నుంచి దించిన మంచి సైలెన్సర్ ఒకటి వెతికి బిగించాడు. నేను స్టార్ట్ చేసిన క్షణాన్నే నెత్తి మీదుగా విమానం పోయింది. చెవులు రిక్కించి కూర్చున్న నాకు ఒక్క ముక్క వినబడలేదు. విమానాన్ని తిట్టుకుంటూ ఆగాను. అది దూరమయ్యాక వినిపించింది మా ఇంజన్. కడుపునిండా తిని లేచిన మనిషి నిట్టూర్పులా, నిండుగా, తీరిగ్గా. నాకు లేచి గంతులెయ్యాలనిపించింది.

శనివారం ఫుల్ లోడు. మిట్ట కింద బాపు చెక్క అందుకున్నాడు.

"ఆగిందనుకో, అమ్ముడే. మాట మార్చద్దు."

"ఎక్కితే?"

"ఎక్కినంక చూద్దాం తియ్."

కదిలింది. తుమ్మచెట్టు వచ్చింది. ఇంజన్ గొంతు మారలేదు. తుమ్మచెట్టు వెనక్కి పోయింది. పోతోంది, నా తల్లి పోతోంది అని పైకే అనుకుంటూ యాక్సిలరేటర్ మీద కాలు తీయలేదు. ముందు ఆకాశం, తర్వాత రోడ్డు కనబడ్డాయి. చదునులో ఆపి, "చూసినవా బాపూ" అని కేకేశాను.

అద్దంలో చూస్తే టైరు పక్కన ఎవరూ లేరు.

దిగి పరుగెత్తాను. బాపు తుమ్మచెట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి. ఛాతీ ఎగిసి పడుతోంది. ఇన్నాళ్లూ బండి ఆగిన చోటల్లా ఆయన కూడా ఆగి ఊపిరి తీసుకునేవాడని నాకు అప్పుడు తెలిసింది.

"ఏమైంది బాపూ?"

"దాని దమ్ము వోయి... నాకొచ్చింది" అని నవ్వాడు. నవ్వుతూనే చెక్క నా చేతిలో పెట్టాడు.

భుజం పట్టుకుని మెల్లగా పైకి తెచ్చాను. క్లీనర్ సీట్లో కూలబడి ఫోన్ తీశాడు. అవతల బేరగాడు.

"రేపు రాకు తమ్మీ. బండి ఎక్కింది. ఎక్కనోడు ఒకడున్నడు, తీస్కపోతవా?"

నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. లోడుతోనే బండిని దవాఖాన వైపు తిప్పాను.